విశ్వనాథ వారి మతము, విశ్వనాథ వారి హెచ్చరిక

గత విద్యాసంవత్సరమున ఒకనాడు తెలుగు నవలా వికాసమును గూర్చి చెప్పుచు, కవిసమ్రాట్ విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు కథను మేము తరగతిలో సంగ్రహముగా వివరించినాము. సుబ్బన్నపేట అను గ్రామము, ఆ గ్రామమునకు ప్రాణమైన వేయి పడగల పాము, ఒకటొకటిగా రాలిపోవు పడగలు, ఇవన్నియు చెప్పి ముగించుచుండగా ఒక విద్యార్థిని లేచి, ఆ వేయింటిలో మనవారిది ఒక్క పడగయైనను ఉన్నదా అని అడిగినది. ఆమె వేళాకోళమునకు అడుగలేదు. తరగతియంతయు మా ముఖము వంక చూచినది. ఆనాడు మేము చెప్పినది గంట కొట్టువరకు కాలము గడుపుటకు చెప్పిన మాటయే గాని ప్రశ్నకు తగిన సమాధానము కాదు. తరువాత ఈ ప్రశ్న అధ్యాపకుల గదికిని వచ్చినది. ఇట్టి భావములు గల గ్రంథమును మన పిల్లల చేతికి ఈయవలెనా అని ఒకరును, మహాకవి గ్రంథమును ప్రశ్నించుటకు మనమెవరమని మరియొకరును అన్నారు. ఈ రెండు మాటలును మాకు నచ్చలేదు. ఆ విద్యార్థినికి మేము పడిన బాకీని ఈ సంచికలో తీర్చుకొనుచున్నాము.

సమాధానమునకు ముందు ఆ మహాకవి జీవితమును తెలిసికొనవలెను. విశ్వనాథ వారు 1895వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన కృష్ణా జిల్లా నందమూరు గ్రామమున జన్మించినారు. తల్లి పార్వతమ్మ, తండ్రి శోభనాద్రి. తండ్రిగారు గొప్ప దాత. అడిగినవారికి లేదనక ఇచ్చి ఇచ్చి, కలిగిన ఇంటిని లేని ఇల్లుగా చేసినారు. ఆయన కట్టించిన విశ్వేశ్వరాలయము ఊరిలో మిగిలినది. రామాయణమును తెలుగున వ్రాయవలెనను ఆజ్ఞ కుమారునకు మిగిలినది. ఆస్తి మాత్రము మిగులలేదు. చిన్ననాట కలిమిని చూచి, పెరిగినకొలది లేమిని అనుభవించిన ఈ బాలుడు, పాత ఇల్లు కూలుట యెట్లుండునో పుస్తకములలో చదివి తెలిసికొనలేదు.

బందరు హిందూ ఉన్నత పాఠశాలలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు ఆయనకు గురువులు. పిదప అదే పట్టణమున క్రైస్తవ మిషనరీల నోబుల్ కళాశాలలో చదువు సాగినది. 1921 ప్రాంతమున సహాయ నిరాకరణోద్యమపు గాలి బందరును ఊపినప్పుడు ఆయనయు అందులోనివారే. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగార్లు 1910లో నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాలలో కొంతకాలము అధ్యాపకులుగా పనిచేసినారు. తరువాత గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలోను, 1938 మొదలు రమారమి రెండు దశాబ్దులు విజయవాడ ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాలలోను తెలుగు బోధించినారు. 1959లో కరీంనగరము కళాశాలకు ప్రిన్సిపాలుగా వెళ్ళినారు. విజయవాడలో ఆయన ఇల్లు మారుతీనగరమున ఉండెడిది. మన కొండపల్లి నుండి బస్సెక్కినచో గంటలో చేరదగిన చోటు.

ఇచ్చట ఒక విషయమును గమనింపవలెను. ఇంగ్లీషు చదువు మన జాతి వెన్ను విరుచునని జీవితాంతము నమ్మిన ఈ పండితుడు, ఆ చదువు నేర్పు కళాశాలలలోనే చదివి, ఆ కళాశాలలలోనే జీతము పుచ్చుకొని కుటుంబమును పోషించినారు. పాశ్చాత్య సాహిత్యమును శ్రద్ధగా చదివినారు. నవల అను ప్రక్రియయే మనకు పడమటినుండి వచ్చినది; పడమటి నాగరకతను నిరసించుటకు ఆయన ఆ ప్రక్రియనే చేపట్టి, దానిలో తెలుగువారెవ్వరును అంతకు మునుపు కట్టనంత పెద్ద భవనమును కట్టినారు. దీనిని కపటమని కొందరందురు. మాకు అట్లు తోచదు. ఏరు పొంగునని ఒడ్డున నిలిచి చెప్పువాని మాట వేరు, నడుములోతు నీటిలో నిలిచి చెప్పువాని మాట వేరు. విశ్వనాథ వారు నీటిలో నిలిచి చెప్పినారు.

వేయిపడగలు 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారి నవలల పోటీకై వ్రాయబడినది. ఇరువది తొమ్మిది దినములలో ఆయన ఆశువుగా చెప్పుచుండగా తమ్ముడు వేంకటేశ్వర్లుగారు వ్రాసినారని ప్రసిద్ధి. అడివి బాపిరాజుగారి నారాయణరావుతో కలిసి ఆ నవల బహుమతిని పంచుకొన్నది. ఒక సంస్థానము, ఒక గుడి, దానినాశ్రయించిన కవులు, నర్తకులు, రైతులు, చేతిపనులవారు, వీరందరి బ్రతుకులు మూడు తరములలో ఎట్లు మారినవో ఆ నవల చెప్పును. పాలకునకు ప్రజలతోడి సంబంధము తెగును. చదువు ఉద్యోగమునకు మెట్టుగా మారును. జాతీయ విద్యాలయము కూడ ముఠాల పాలగును. యంత్రపు సరుకు వచ్చి చేతి సరుకును తరుమును. ఊరి దేవత గణాచారి నోట పడగలు రాలుచున్నవని పలుకును. చివరకు మిగులునవి రెండు పడగలు మాత్రమే. ఆ రెండును భార్యాభర్తల అనుబంధము. మొదటి భార్య వరలక్ష్మమ్మగారు గతించినప్పుడు వరలక్ష్మీ త్రిశతి వ్రాసి దుఃఖించిన కవి, తన నవలలో సర్వమును రాల్చి దాంపత్యమును మాత్రము నిలిపినారన్నచో ఆశ్చర్యము లేదు.

రేపటి దుర్దశను ఊహించి భయపెట్టు నవలలు ఇరువదవ శతాబ్దమున ఐరోపాలో చాల వెలువడినవి. వానిలో భయంకర ప్రపంచము భవిష్యత్తులో ఉండును. విశ్వనాథ వారు ఆ భవిష్యత్తు అప్పుడే మన ఊరి పొలిమేర దాటి లోనికి వచ్చినదని చెప్పినారు. భేదము అంతమాత్రమే. హాహా హూహూ అను చిన్న నవలలో గుఱ్ఱపు ముఖము గల గంధర్వుడొకడు లండను నగరములో పడును. ఆ నగరవాసులు అతనిని బోనులో పెట్టి పరీక్షింపబూనుదురు. తమకు తెలియని దానిని బోనులో పెట్టి, పరిశోధించి, తమకంటె తక్కువదని నిర్ణయించు జ్ఞానమును అంత సులువుగా ఎగతాళి చేసిన రచన తెలుగున మరియొకటి లేదు. విష్ణుశర్మ ఇంగ్లీషు చదువులో పంచతంత్ర కర్తయు, తిక్కన సోమయాజియు పరలోకము నుండి దిగివచ్చి ఇంగ్లీషు నేర్చుకొన యత్నింతురు. చదివి నవ్వినవారికి, నవ్వు తగ్గిన తరువాత, ఇంగ్లీషు రానివాడు మనిషిగా లెక్కకు రాని దినము వచ్చినదను సంగతి స్ఫురించును.

ఇది హెచ్చరిక. మరి మందు? ఇచ్చటనే చిక్కు వచ్చుచున్నది. విశ్వనాథ వారు తమ అభిప్రాయములను ఏనాడును దాచుకొనలేదు. వర్ణాశ్రమ ధర్మము సంఘమునకు ఆధారమని ఆయన నమ్మినారు. స్త్రీకి పాతివ్రత్యమే పరమార్థమని నమ్మినారు. భారతదేశ చరిత్రను పాశ్చాత్యులు తప్పుగా లెక్కించినారని భావించి, కోట వేంకటాచలముగారి కాలగణనను అనుసరించి పురాణ వైర గ్రంథమాల అను పేర పండ్రెండు నవలలు వ్రాసినారు. ఈ అభిప్రాయములలో పెక్కింటిని మేము అంగీకరింపజాలము. ఆయన తలచిన ధర్మవ్యవస్థకు నడిబొడ్డున గుడి కలదు. గుడి చుట్టును మెట్లు మెట్లుగా కులములు కలవు. ఆ మెట్లపై కొందరికి పైమెట్టు, కొందరికి క్రిందిమెట్టు, మరికొందరికి మెట్టే లేదు.

ఈ మాటను మేము చెప్పుటకంటె మరియొక కవి జీవితము బాగుగా చెప్పును. విశ్వనాథ వారు పుట్టిన సంవత్సరమునందే, ఆ నెలలోనే, సెప్టెంబరు 28వ తేదీన వినుకొండలో గుఱ్ఱము జాషువాగారు జన్మించినారు. ఇద్దరును పద్యమున దిట్టలు. ఇద్దరును ఒకే తెలుగు గడ్డపై, ఒకే కాలమున పెరిగినారు. కాని ఒకరు గుడి లోపలినుండి ఊరిని చూచినారు, మరియొకరికి ఆ గుడి తలుపు తెరువబడలేదు. అందుచేతనే 1941లో వెలువడిన గబ్బిలములో, గుడిలో స్వేచ్ఛగా తిరుగగల ఒక గబ్బిలముతో అంటరానివాడు తన మొరను శివునకు చెప్పి పంపవలసి వచ్చినది. ఫిరదౌసి కథను తెలుగు కావ్యముగా చెప్పినవారును ఈ జాషువాగారే. సుబ్బన్నపేట పడగలు రాలుచుండగా ఒకరు కన్నీరు కార్చినచో, మరియొకరు ఒక పడగ నీడ తన తలపై ఎన్నడును పడలేదే అని అడుగవచ్చును. ఈ రెండును సత్యములే. ఒక దానిని చెప్పి రెండవ దానిని దాచు ఉపాధ్యాయుడు సగము పాఠమే చెప్పినవాడగును.

రచయిత అభిప్రాయమును, అతని రచనలోని హెచ్చరికను విడదీసి చూడవలసి వచ్చుట మన భాషకు మాత్రమే పట్టిన చిక్కు కాదు. 1903లో బీహారులోని మోతిహారిలో పుట్టిన జార్జి ఆర్వెల్ సంగతి చూడుడు. తండ్రి నల్లమందు శాఖలో ఉద్యోగి. తాను బర్మాలో పోలీసు ఉద్యోగము చేసి, విసిగి వదలినారు. స్పెయిన్ అంతర్యుద్ధమున తుపాకి పట్టి గాయపడినారు. 1945లో యానిమల్ ఫార్మ్, 1949లో నైన్టీన్ ఎయిటీ ఫోర్ ప్రకటించినారు. పౌరుని ప్రతి కదలికను కనిపెట్టు రాజ్యము ఎంత భయంకరమో ఆ రెండవ నవల చూపినది. సోషలిజమును ఖండించుటకు దానిని వాడుకొన్నవారు లెక్కకు మిక్కిలి. కాని ఆ రచయిత కడవరకు తాను సోషలిస్టుననియే చెప్పుకొన్నారు. అంతకంటె వింత యేమనగా, ఆ నవల వెలువడిన 1949లోనే ఆయన, కమ్యూనిస్టు సానుభూతిపరులని తాననుమానించిన రచయితల, పాత్రికేయుల పేర్లను బ్రిటిషు విదేశాంగ శాఖలోని ఒక ప్రచార విభాగమునకు అందజేసినారు. ఈ సంగతి 1996లో లోకమునకు తెలిసినది. ఇది తెలిసినంత మాత్రమున ఆ నవలలోని హెచ్చరిక అబద్ధమైనదా? కాలేదు. పైగా, హెచ్చరించినవాడు కూడ ఆ రోగమునకు అతీతుడు కాడని తెలిసి, హెచ్చరిక మరింత బలపడినది.

మన ఉర్దూ విద్యార్థులకు ఇంకను దగ్గరి దృష్టాంతము అక్బర్ ఇలాహాబాదీ. 1846లో పుట్టి 1921లో గతించిన ఈ కవి, ఇంగ్లీషు చదువును, ఇంగ్లీషు వేషమును, కాలేజీ పట్టాను తన చమత్కారముతో ఏకిపెట్టినారు. అట్టివారు బ్రిటిషు కోర్టులో జడ్జిగా పనిచేసినారు, ఖాన్ బహదూర్ బిరుదు స్వీకరించినారు, కుమారుని చదువునకు ఇంగ్లండు పంపినారు. స్త్రీవిద్య, పరదా మొదలగు విషయములలో ఆయన అభిప్రాయములను నేటి మన విద్యార్థినులు ఒప్పుకొనరు, మేమును ఒప్పుకొనము. ఐనను, పరుల అనుకరణలో తన్ను తాను కోల్పోవు మనుష్యుని చిత్రమును అక్బర్ వలె గీసినవారు అరుదు. ఉర్దూ కవిత్వమున షహరాషోబ్ అను ప్రక్రియ కలదు. పాడుబడిన నగరమును, దానిలో ఉపాధి కోల్పోయిన వృత్తులవారిని వరుసగా తలచి కవి విలపించును. మీర్, సౌదాలు ఢిల్లీని గూర్చి అట్లు విలపించినారు. వేయిపడగలు ఒక తెలుగు ఊరిని గూర్చిన షహరాషోబ్ అని మేము మా తరగతిలో చెప్పియుండవలసినది. అట్లు చెప్పియున్నచో మన పిల్లలకు ఆ దుఃఖము పరాయి దుఃఖముగా తోచియుండదు.

మరియొక సంగతి. గొప్ప నవల తన రచయిత అభిప్రాయములకు పూర్తిగా లొంగి ఉండదు. వర్ణధర్మమును సమర్థించిన విశ్వనాథ వారి నవలలోనే ధర్మారావు తండ్రి రామేశ్వరశాస్త్రి నాలుగు వర్ణముల స్త్రీలను వివాహమాడినవాడు. సంఘము చిన్నచూపు చూచు దేవదాసి కులమున పుట్టిన గిరికకు ఆ నవలలో మహాభక్తురాలి స్థానము లభించినది. పసరిక అను విచిత్రమైన పాత్రలో పచ్చని పొలము, పాము, పసివాడు ఒకటై కనిపింతురు. ఆ పాత్రను చదువునప్పుడు ఏ కులము, ఏ మతము అను ప్రశ్న పుట్టదు, పైరు ఎండిపోవునేమో అను బెంగ మాత్రమే పుట్టును. అభిప్రాయము మనిషిని వరుసలో నిలబెట్టినది. కల్పన ఆ వరుసను చెదరగొట్టినది. ఈ కారణము చేతనే కాబోలు, ఆయన భావములకు పూర్తిగా ఎదుటి ఒడ్డున నిలిచిన శ్రీశ్రీ కూడ, ఆయన మరణించినప్పుడు కవితతో నివాళి అర్పించినారు. నవలను సహస్రఫణ్ అను పేర 1968లో హిందీలోనికి అనువదించిన పి.వి. నరసింహారావుగారు తరువాత, 1991లో, దేశమునకు ప్రధానమంత్రి అయినారు. విదేశ వ్యాపారమునకు తలుపులు తెరచిన పాలన వారిదే. హెచ్చరికను ప్రేమతో అనువదించిన చేతులే ఆ తలుపులు తెరువవలసి వచ్చినవన్నచో, పడగలు రాలుట ఒక్కరి అభీష్టముపై ఆధారపడినది కాదని తెలియును.

ఇక మన ఊరి మాట. కొండపల్లి కోట క్రింద బొమ్మల వీథిలో నేటికిని తెల్లపొణికి కఱ్ఱ చెక్కు చప్పుడు వినవచ్చుచున్నది. చెక్కిన ముక్కలను చింతగింజల జిగురుతో అతికి, రంగులు వేసి, తాడిచెట్టెక్కు గీతగాని, ఎడ్లబండిని, వడ్లు దంచు ఇల్లాలిని, అంబారీ ఏనుగును తయారుచేయుదురు. 1942 సంక్రాంతికి గుడివాడలో విశ్వనాథ వారిని ఏనుగుపై ఎక్కించి ఊరేగించినారు. నేడు అట్టి ఏనుగును చూడవలెనన్నచో ఈ వీథికి రావలెను. తెల్లపొణికి చెట్టు కొండలలో తరిగిపోవుచున్నదని పనివారు చాలకాలముగా మొరపెట్టుకొనుచున్నారు. అచ్చు పోసిన ప్లాస్టిక్ బొమ్మ పక్క దుకాణములోనే తక్కువ వెలకు దొరకుచున్నది. కొడుకులలో పెక్కుమంది తండ్రి పనిలోనికి దిగుటలేదు. సుబ్బన్నపేట ఎచ్చటనో లేదు.

మా ఇంటిలోనిది మరియొక ఉదాహరణము. మా దాదా ఉర్దూలో వ్రాసిన ఉత్తరముల కట్ట ఒకటి ఇనుప పెట్టెలో కలదు. మా తండ్రిగారు వానిని తడుముకొనకుండ చదువగలరు. మేము కూడబలుకుకొని చదువగలము. మా అన్నగారి పిల్లలు ఇంటిలో ఉర్దూ మాటలాడుదురు గాని ఆ లిపిని చదువలేరు. పోయిన రంజాను పండుగనాడు ఆ కట్టను విప్పి, అందులో ఏమున్నదని వారు మమ్మడిగినారు. పంట, వాన, చెల్లెలి పెండ్లి, అప్పు, ఇంతకంటె వింతలు లేవు. కాని తమ ముత్తాత చేతివ్రాతను ఎదుట పెట్టుకొని, అది ఏమియో తెలియక వారు మా నోటి వంక చూచుచుండగా, మాకు గణాచారి మాట జ్ఞప్తికి వచ్చినది.

కాబట్టి ఆ విద్యార్థినికి మా సమాధానము ఇది. విశ్వనాథ వారు ఊహించిన ధర్మవ్యవస్థలో మనకు నడిమి చోటు లేదు. ఉన్నదని నీకు చెప్పుట అసత్యము. ఆయన చూపిన మందు మనకు పనికిరాదు; ఆ మందు జాషువాగారి వంటివారికి విషమైనదని కూడ మనము మరువరాదు. కాని ఆయన గుర్తించిన రోగము మన ఇంటిలోను ఉన్నది. పడగలు ఆయన లెక్కించిన వేయి మాత్రమే కావు. నీవు చదువలేని నీ ముత్తాత ఉత్తరము ఒక పడగ. బొమ్మల వీథిలో ఆగిపోవు ఉలి చప్పుడు ఒక పడగ. వీనిని లెక్కించుట ఆయన నీకు నేర్పినారు. ఏది రాలిపోవలసినదో, ఏది నిలుపుకొనవలసినదో నిర్ణయించు పని మాత్రము ఆయనకు అప్పగింపవద్దు. అంటరానితనము రాలిపోవలెను. లిపి నిలువవలెను. ఈ వివేకము ఏ నవలాకారుడును మన బదులు చేసిపెట్టునది కాదు.

కళాశాల పాలకవర్గము వారికి మా మనవి యొకటి. గ్రంథాలయమున వేయిపడగలను తొలగింపవలదు. దానిని పూజాగ్రంథముగా బీరువాలో పెట్టి తాళము వేయను వలదు. దాని ప్రక్కనే గబ్బిలమును, అక్బర్ ఇలాహాబాదీ కవితా సంపుటమును ఉంచుడు. ఒక పుస్తకము చదివినవాడు రెండవ పుస్తకముతో దానిని పరీక్షించుకొనునట్లు ఉంచుడు. ఉర్దూ లిపి నేర్పుటకు వారమునకు రెండు గంటలు కేటాయించినచో, ఈ వ్యాసము వ్రాసిన ఫలము మాకు దక్కినట్లే.

విశ్వనాథ వారికి శ్రీమద్రామాయణ కల్పవృక్షమునకుగాను 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము లభించినది. తెలుగువారిలో దానిని పొందిన మొదటివారు ఆయనయే. తండ్రి ఆజ్ఞ ఆ విధముగా నెరవేరినది. 1971లో ప్రభుత్వము ఆస్థానకవి పదవి నిచ్చి గౌరవించినది. 1976 అక్టోబరు 18వ తేదీన గుంటూరులో ఆయన కన్నుమూసినారు. అప్పటికి మేము పుట్టలేదు. మారుతీనగరములో ఆయన ఇంటి ముందు నిలిచి, మీ మందు మాకు వలదు గాని మీ భయము మాది కూడ అని చెప్పు అవకాశము మాకు కలుగలేదు. ఆ మాటను ఇప్పుడు మా విద్యార్థులకు చెప్పుచున్నాము.